గనుల విభాగానికి విదేశీ భాగస్వామి: ముందు రాయి కదలాలి, తర్వాతే సంతకం

మీరు మైనింగ్ విభాగంలో పనిచేస్తున్నారు. విదేశంలోని మరో మైనింగ్ విభాగంతో కలిసి పాఠాలు చెప్పాలని, పరిశోధన చేయాలని కోరిక కలిగిందనుకుందాం. ఈ పనిని చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు. మొదట పెద్దల ప్రయాణం, అవగాహన ఒప్పందం, ఫొటో. "ఇక ఏం చేద్దాం?" అన్న ప్రశ్న ఆ తర్వాత వస్తుంది, అసలంటూ వస్తే. అలా పుట్టి, ఒక్క విద్యార్థీ కదలకుండా, ఒక్క రాయీ చేతులు మారకుండా గడువు తీరిపోయిన ఒప్పందాలు ఎన్నో బీరువాల్లో పడి ఉన్నాయి. వాటిలో రెండింటి ముసాయిదా నేనే రాశాను కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను.

ఇక్కడ చెప్పబోయేది దానికి ఎదురు వరుస. ముందు సమస్య, తర్వాత మనిషి, ఆ తర్వాత రాయి. కాగితం ఆఖరున.

1. మీ దగ్గర ఏముందో, ఏం లేదో రాసుకోండి

ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ఉన్నవి, కుడివైపు లేనివి. "అనుభవజ్ఞులైన అధ్యాపకులు", "అత్యాధునిక ప్రయోగశాలలు" అని రాయకండి. ఆ మాటలు ప్రతి కరపత్రంలోనూ ఉంటాయి, ఎవరికీ ఏమీ చెప్పవు. "భూగర్భ గనిలోకి నెలకు రెండుసార్లు వెళ్లడానికి అనుమతి ఉంది", "గని పైకప్పు కూలకుండా బిగించే బోల్టుల మీద పడే భారం నాలుగేళ్లుగా నమోదవుతోంది", "పాతదే అయినా నడిచే, ఖనిజాన్ని పొడి చేసే బాల్ మిల్లు ఉంది" అని రాయండి. కుడివైపు కూడా అంతే నిక్కచ్చిగా: "చుట్టూ ఒత్తిడి పెట్టి రాయిని పగలగొట్టే యంత్రం లేదు", "ఖనిజ కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద లెక్కించే వసతి లేదు".

ఎడమవైపు వరుస చిన్నగా ఉందని కుంగిపోనక్కరలేదు. నడుస్తున్న గనిలోకి దారి ఉండటమే పెద్ద ఆస్తి. జర్మనీలోని ఫ్రైబర్గ్ గనుల అకాడమీకి రైషె జెషె గని, అమెరికాలోని కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌కు ఎడ్గార్ గని, ఆస్ట్రియాలోని లియోబెన్ విశ్వవిద్యాలయానికి ఎర్జ్‌బెర్గ్ కొండలోని సొరంగాలు ఉన్నాయి. విద్యార్థులకు అక్కడే డ్రిల్లింగ్, బ్లాస్టింగ్, వెంటిలేషన్ నేర్పుతారు. అలాంటి అదృష్టం ఉన్న విశ్వవిద్యాలయాలు తక్కువ. పైగా జర్మనీ తన చివరి నల్లబొగ్గు గనిని 2018 డిసెంబరులో మూసేసింది. బ్రిటన్ చివరి పెద్ద భూగర్భ బొగ్గు గని అంతకు మూడేళ్ల ముందే మూతపడింది. పైకప్పు ఎందుకు కూలుతుందో, మీథేన్ ఎలా చేరుతుందో జీవితమంతా చదివినవారు అక్కడ ఇంకా ఉన్నారు. చూపించడానికి వాళ్లకు నడుస్తున్న బొగ్గు గని లేదు. మీకు ఉంది. బేరం ఇక్కడ మొదలవుతుంది.

2. సమస్యను ఒక వాక్యంలోకి దించండి

"సుస్థిర మైనింగ్‌లో సహకారం" అనేది సమస్య కాదు, శీర్షిక. "భారీ వర్షం తర్వాత మా టెయిలింగ్స్ కట్టలో నీటిమట్టం దిగడానికి ఎన్ని రోజులు పడుతోంది, కట్ట పాదం దగ్గర ఊట ఎంత పెరుగుతోంది?" అనేది సమస్య. టెయిలింగ్స్ అంటే ఖనిజం వేరు చేశాక మిగిలే బురద లాంటి వ్యర్థం. ఈ ప్రశ్నను కొలవవచ్చు, తప్పని తేలవచ్చు, ఒక విద్యార్థి రెండేళ్లలో ముగించవచ్చు. 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాదిన్యో దగ్గర టెయిలింగ్స్ కట్ట తెగి 270 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఆగస్టులో టెయిలింగ్స్ నిర్వహణకు ప్రపంచ ప్రమాణం వచ్చింది. అప్పటి నుంచి ఈ తరహా ప్రశ్నకు వినేవారు, ఖర్చు పెట్టేవారు ఎక్కువయ్యారు.

దీర్ఘకాలం నిలిచిన పొత్తులకు అడుగున ఇలాంటి గట్టి ప్రశ్న ఒకటి ఉంటుంది. ముడి ఖనిజాన్ని పొడి చేయడం, నురగలో తేల్చి వేరు చేయడం గణిత నమూనాలకు లొంగుతాయా అన్న ప్రశ్నతో 1962లో ఆస్ట్రేలియాలో పీ9 అనే ప్రాజెక్టు మొదలైంది. అది దశాబ్దాలు నడిచింది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంతో పాటు కెనడాలోని మెక్‌గిల్, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయాలు అందులో చేరాయి. ఖర్చు గని కంపెనీలు కలిసి పంచుకున్నాయి. ప్రశ్న తీరలేదు కాబట్టి పొత్తు కూడా తీరలేదు.

3. విశ్వవిద్యాలయాన్ని కాదు, మనిషిని వెతకండి

ర్యాంకుల పట్టిక పక్కన పెట్టండి. మీ ఒక్క వాక్యపు సమస్య మీద గత ఐదేళ్లలో వచ్చిన పరిశోధన పత్రాలు తీసి, వాటిలో ప్రయోగ పద్ధతి రాసిన భాగం చదవండి. మీ దగ్గర లేని యంత్రం ఎవరి దగ్గర ఉందో, ఎవరు నిజంగా చేతులు మురికి చేసుకుంటారో అక్కడ తెలుస్తుంది. పెద్ద పేరున్న ప్రొఫెసరు కన్నా ఇంకా పదేళ్ల ఉద్యోగం ఉన్న మధ్యస్థాయి అధ్యాపకుడు లేదా అధ్యాపకురాలు నయం. పెద్దాయన సంతకం పెడతారు, ఆ మధ్యస్థాయి మనిషి పని చేస్తారు. మీ పాత విద్యార్థులు విదేశాల్లో ఎక్కడున్నారో కూడా చూడండి. గనుల ప్రొఫెసర్లకు ఒక అంతర్జాతీయ సంఘం ఉంది. ఏటా ఒక్కోచోట సమావేశమవుతుంది. మీ విభాగం నుంచి ఒకరు వెళ్లి వస్తే, ఏడాదిపాటు రాసే ఉత్తరాలు చేయలేని పని కాఫీ విరామంలో అవుతుంది.

ఉత్తరం రాయాల్సి వస్తే, చిన్నగా ఇలా రాయండి:

"ప్రొఫెసర్ గారికి నమస్కారం. మట్టిరాయి పైకప్పు తడిసినప్పుడు బోల్టు పట్టు సడలుతుందని మీ పత్రంలో ప్రయోగశాల పరీక్షలతో చూపారు. మేం వెళ్లే గనిలో పైకప్పు అదే రకం. వానలు పడే నెలల్లో బోల్టుల మీద భారం తగ్గుతున్నట్టు మా రీడింగులు చెబుతున్నాయి. నాలుగేళ్ల లెక్కలున్నాయి, మచ్చుకు ఒక పేజీ జతచేశాను. మీరు వాడిన బోల్టు పీకే పరీక్షను మా గనిలో చేసి చూడాలని ఉంది. వచ్చే నెల ఒక అరగంట మాట్లాడటానికి వీలవుతుందా?"

ఇందులో మీ విశ్వవిద్యాలయం ఎప్పుడు పుట్టిందో లేదు, ఒప్పందం ఊసు లేదు. ఆ ఒక్క పేజీ రీడింగులే మీ పరిచయపత్రం. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లండి. అలగకండి. ఆ సమయంలో వాళ్లు ఏ గనిలో ఉన్నారో.

4. ఆరు నెలల చిన్న పనితో ఒకరినొకరు పరీక్షించుకోండి

నేను అందరికీ చెప్పే మొదటి పని ఒకటే: ఒకే రాతి దిమ్మను రెండుగా కోసి, రెండు ప్రయోగశాలల్లోనూ దాని నొక్కుడు బలం కొలవండి. ఇంత మామూలు పరీక్షలో ఏముందని అనిపిస్తుంది. ఉన్నదంతా అందులోనే ఉంది. అంతర్జాతీయ శిలా యాంత్రిక శాస్త్ర సంఘం 1979లో సూచించిన పద్ధతి ప్రకారం నమూనా పొడవు దాని వ్యాసానికి 2.5 నుంచి 3 రెట్లు ఉండాలి. అమెరికా ప్రమాణం 2 నుంచి 2.5 రెట్లు అంటుంది. పొట్టి నమూనా అదే రాయిని ఎక్కువ బలంగా చూపిస్తుంది. భారం పెంచే వేగం మారితే అంకె మారుతుంది. రెండు చివరలూ చదునుగా అరగదీయకపోతే రాయి అంచు దగ్గరే చిట్లుతుంది.

మేం మొదటిసారి ఇలా పోల్చినప్పుడు ఇసుకరాయి బలం మా దగ్గర వాళ్లకన్నా దాదాపు ఐదోవంతు ఎక్కువ వచ్చింది. మూడు వారాలు రెండు వైపులా మర్యాదగా అనుమానించుకున్నాం. వాళ్ల యంత్రం తూకం తప్పిందని మేం, మా వాళ్లకు కొలవడం రాదని వాళ్లు. చివరకు రెండు వైపుల పరిశోధక విద్యార్థులు వీడియోలో కూర్చుని నమూనా కోసిన క్షణం నుంచి ఏం చేశారో వరుసగా చెప్పుకున్నారు. మా అబ్బాయి "తర్వాత ఓవెన్‌లో పెట్టాం" అన్నాడు. అటునుంచి ఆ అమ్మాయి నోట్‌బుక్ తిప్పి చూసి, "మేం నీళ్లలో ఉంచాం" అంది. అంతే. తడిసిన ఇసుకరాయి మెత్తబడుతుందని పుస్తకంలో మేమందరం చదివినదే. ఆ రోజు నుంచి రెండు ప్రయోగశాలలూ ఒకే పరీక్ష కాగితం వాడుతున్నాయి, తేమ గడితో సహా.

ఈ చిన్న పనిలో మీకు తెలిసేవి చాలా ఉన్నాయి. అవతలివాళ్లు తప్పు దొరికినప్పుడు ఎలా మాట్లాడతారు? ఉత్తరానికి ఎన్నాళ్లకు జవాబిస్తారు? విద్యార్థుల చేత నోట్‌బుక్ రాయిస్తారా? ఈ ఆరు నెలలు సాగకపోతే ఐదేళ్ల ఒప్పందం కూడా సాగదు. మీరు పోగొట్టుకున్నది ఒక రాతి దిమ్మ మాత్రమే.

5. నమూనా పంపే ముందు ఒక పాత కథ

1801లో మెక్సికో నగరంలోని గనుల పాఠశాలలో ఆండ్రెస్ మాన్యుయెల్ డెల్ రియో గోధుమరంగు సీసపు ఖనిజాన్ని పరీక్షిస్తూ అందులో కొత్త మూలకం ఉందని గుర్తించాడు. దాని లవణాలు వేడికి ఎర్రబడుతున్నాయని ఎరిత్రోనియం అని పేరు పెట్టాడు. తర్వాత రెండేళ్లకు జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త అలెగ్జాండర్ హంబోల్ట్ మెక్సికోకు వచ్చినప్పుడు ఆయనకు నమూనాలు ఇచ్చాడు. డెల్ రియో, హంబోల్ట్, ఆ పాఠశాల అధిపతి ఫౌస్టో ఎల్హుయార్ ముగ్గురూ ఫ్రైబర్గ్‌లో చదివినవారే. 1765లో పుట్టిన ఆ అకాడమీ పూర్వవిద్యార్థులు సముద్రాలు దాటి అల్లుకున్న వల అది. మనం ఇప్పుడు అంతర్జాతీయ భాగస్వామ్యం అంటున్నది అదే.

నమూనా పారిస్ చేరింది. 1805లో అక్కడి రసాయనవేత్త కొలే-దెకోతిల్ పరీక్షించి, ఇది కొత్తదేమీ కాదు, క్రోమియమే అన్నాడు. డెల్ రియో తన మాట వెనక్కి తీసుకున్నాడు. 1830లో స్వీడన్‌లో సెఫ్‌స్ట్రోమ్ అదే మూలకాన్ని ఇనుములో మళ్లీ కనుగొన్నాడు. దానికి వనేడియం అన్న పేరు వచ్చింది. మరుసటి ఏడాది జర్మన్ రసాయనవేత్త వోలర్ మెక్సికో ఖనిజాన్ని మళ్లీ పరీక్షించి డెల్ రియో చెప్పిందే నిజమని తేల్చాడు. అప్పటికే ఆలస్యమైంది. పేరు స్వీడన్ పెట్టిందే నిలిచింది.

గని ఉన్నవాళ్లు రాయి పంపి ఊరుకుంటే, ప్రయోగశాల ఉన్నవాళ్లు ఫలితం రాసుకుంటారు. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఇదే జరుగుతోంది, తరచుగా దురుద్దేశం లేకుండానే. అందుకే ఈ జాగ్రత్తలు:

కోర్‌ను (బోరు వేసి తీసిన రాతి కడ్డీని) నిలువునా కోసి సగమే పంపండి. మిగతా సగం మీ దగ్గర పెట్టెలో ఉండాలి. ఫలితం మీద అనుమానం వస్తే తిరిగి చూడటానికి ఆ సగమే ఆధారం.

నమూనాతో పాటు మనిషిని పంపండి, కనీసం పరీక్ష జరిగే వారాలకు. వీలుకాకపోతే ముడి రీడింగులు అదే రోజు మీకు వచ్చేలా మాట తీసుకోండి. రచయితల వరుసలో మీ విద్యార్థి పేరు ఎక్కడుంటుందో రాయి ఓడ ఎక్కకముందే ఒక ఉత్తరంలో రాసుకోండి. తర్వాత అడగడం ఇబ్బందిగా ఉంటుంది, అడగకపోవడం నష్టంగా ఉంటుంది.

బోరు సంఖ్య, లోతు, పైభాగం ఎటో చూపే బాణం: ఇవి రాయి మీద చెరగని రంగుతో ఒకసారి, పెట్టెలో చీటీ మీద ఒకసారి, పెట్టె మూత మీద ఒకసారి. ముక్కలు వరుసలో ఉండగా స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. మూత ఊడి కలగలిసిపోయిన కోర్ ముక్కలకు రోడ్డు మీద కంకరతో సమానమైన విలువ ఉంటుంది.

సల్ఫైడ్ ఖనిజం గాలి తగిలితే ఆక్సీకరణం చెందుతుంది. కణాల ఉపరితలం మారిపోయి నురగ పరీక్షలో తప్పుడు ఫలితాలు ఇస్తుంది. గాలి చొరని సంచుల్లో సీలు చేసి, ఫ్రీజర్‌లో ఉంచి, చల్లగానే పంపండి. బొగ్గుకూ గాలి పడదు.

మట్టి అంటుకున్న రాళ్లను ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాల క్వారంటీన్ అధికారులు అనుమతి లేకుండా లోపలికి రానివ్వరు. కడిగి, ఆరబెట్టి, అవసరమైన పత్రాలు ముందే తెప్పించుకోండి. యురేనియం, థోరియం ఉన్న ఖనిజాలకు వేరే అనుమతులు కావాలి. గని నీటిలోని బ్యాక్టీరియా మీద పరిశోధన చేస్తుంటే, జీవ వనరుల పంపకం మీద 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ఒప్పందం మీకు వర్తిస్తుందో లేదో కూడా చూడాలి. చాలామంది దీన్ని మర్చిపోతారు.

6. మూడో కుర్చీలో గని కంపెనీ

రాయి మీది కాదు, రీడింగులు కూడా నిజానికి మీవి కావు. అవి గని కంపెనీవి. రెండు విశ్వవిద్యాలయాలు మురిసిపోతూ పథకం వేసుకున్నాక, చివర్లో కంపెనీ "డేటా బయటికి ఇవ్వం" అంటే అంతా నీరుగారిపోతుంది. రెండో సమావేశానికే వాళ్లను పిలవండి.

వాళ్ల భయాన్ని అర్థం చేసుకోండి. స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీకి ఒక బోరులో లోహం శాతం ఎంతన్నది షేరు ధరను కదిలించే సమాచారం. ఇండొనేషియాలోని బుసాంగ్ దగ్గర ఒక కెనడా కంపెనీ ప్రకటించిన బంగారు నిక్షేపం బూటకమని 1997లో తేలింది. పొడి చేసిన కోర్ నమూనాల్లో బయటి బంగారం కలిపారు. ఆ దెబ్బతో కెనడా 2001లో ఖనిజ నిల్వల ప్రకటనలకు కఠిన నిబంధనలు తెచ్చింది. నమూనా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ప్రతి మెట్టూ రాసి ఉంచమని కంపెనీ అడిగితే విసుక్కోకండి.

ఒక్క విషయంలో మాత్రం తగ్గవద్దు. పత్రం ప్రచురించే ముందు చూసుకోవడానికి కంపెనీకి ఇన్ని రోజులని గడువు ఇవ్వండి, నెల చాలు, రెండు నెలలు గరిష్ఠం. ఆ గడువులో జవాబు రాకపోతే అంగీకరించినట్టే అని రాయించండి. గని పేరు, అక్షాంశ రేఖాంశాలు, నిల్వల అంకెలు తీసేయమంటే తీసేయండి. విద్యార్థి సిద్ధాంత గ్రంథాన్ని నిరవధికంగా ఆపే హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

7. విద్యార్థులను పంపేటప్పుడు

మార్పిడి ఒక సెమిస్టరుతో మొదలుపెట్టండి. ఉమ్మడి డిగ్రీ చివరి సంగతి. రెండు సెనేట్లు, రెండు నియంత్రణ సంస్థలు దాన్ని ఒప్పుకోవాలి. మధ్యలో పీహెచ్‌డీ విద్యార్థికి రెండు వైపులా గైడ్లను పెట్టే పద్ధతి తేలికైనది, నా దృష్టిలో అన్నిటికన్నా ఫలవంతమైనది కూడా.

క్రెడిట్ల లెక్క ముందే తేల్చుకోండి. యూరప్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. మీ క్రెడిట్ అంతే కాకపోవచ్చు. కోర్సు పేర్లను బట్టి సరిపోల్చకండి. "గని వెంటిలేషన్" అన్న పేరుతో ఒకచోట ఫ్యాన్ల లెక్కలు, మరోచోట మంటలు, వాయువులు చెబుతారు. పాత ప్రశ్నపత్రాలు మార్చుకుంటే అసలు సంగతి పది నిమిషాల్లో బయటపడుతుంది. దక్షిణార్ధగోళంలో విద్యా సంవత్సరం ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొదలవుతుంది, ఉత్తరాన సెప్టెంబరు ప్రాంతంలో. ఈ తేడాను పట్టించుకోకపోతే విద్యార్థికి ఆరు నెలలు గాలికి పోతాయి.

మంచి ఉమ్మడి కోర్సు ఎలా ఉంటుందో చూడాలంటే లియేజ్, లొరెయిన్, లూలియో, ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయాలు కలిసి నడిపిన ఎమరాల్డ్ మాస్టర్స్ కోర్సును గమనించండి. విద్యార్థి ఒకచోట నేర్చుకున్నదాన్ని ఇంకోచోట మళ్లీ చదవడు. చోటు మారిన కొద్దీ పాఠం ముందుకు సాగుతుంది.

గనిలోకి దించే విషయంలో కాగితాల మీద నమ్మకం పెట్టుకోవద్దు. వైద్య పరీక్ష, బీమా, గనిలో ప్రవేశానికి ముందు ఇచ్చే భద్రతా శిక్షణ, ప్రాణవాయువు అందించే సెల్ఫ్ రెస్క్యూయర్ వాడకం: ఇవి ఆ దేశపు నిబంధనల ప్రకారం అక్కడే మళ్లీ జరగాలి. ముఖ్యంగా భాష. బ్లాస్టింగ్ ముందు మోగే హెచ్చరిక, "వెనక్కి జరగండి" అన్న కేక స్థానిక భాషలో వస్తాయి. అలాంటి ఇరవై మాటలు నేర్పకుండా ఏ విద్యార్థినీ కిందికి పంపకండి.

ఇంకో సంగతి ప్రవేశానికి ముందే చెప్పేయండి: డిగ్రీ సరిహద్దు దాటుతుంది కానీ గని మేనేజరు లైసెన్సు దాటదు. ఆ పరీక్ష పనిచేయబోయే చోటి చట్టం ప్రకారం విడిగా రాయాలి. దీన్ని దాచిపెట్టి కోర్సుకు ఆకర్షించడం మోసమే.

8. ఇప్పుడు కాగితం

ఇంతవరకు వచ్చారంటే రాయడానికి మీ దగ్గర నిజమైన విషయం ఉంది. రెండు పత్రాలు చేయండి. పైది రెండు పేజీల సాధారణ ఒప్పందం, పెద్దలు సంతకం పెట్టేది. కిందిది ప్రాజెక్టు ఒప్పందం. అందులో పని, గడువు, ఖర్చు, మనుషుల పేర్లు, ఎవరైనా వెళ్లిపోతే వారి స్థానంలో ఎవరన్నది ఉంటాయి. ఎవరి జ్ఞానం ముందు నుంచే వారిదో, కలిసి కనుగొన్నది ఎలా పంచుకోవాలో, పొత్తు ముగిశాక డేటా కాపీ ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాయించండి. డ్రోన్లు, థర్మల్ కెమెరాల వంటివి వాడుతుంటే ఎగుమతి నియంత్రణ చట్టాలను మీ న్యాయ విభాగానికి చూపించండి.

డబ్బు విషయంలో ఒక్క మాట చాలు. విమాన టిక్కెట్లకు నిధి దొరుకుతుంది. యంత్రం బేరింగ్ మార్చడానికి, రసాయనాలు కొనడానికి, టెక్నీషియన్ అదనపు గంటలకు దొరకదు. బడ్జెట్‌లో ముందు వీటిని రాసి, తర్వాత ప్రయాణాలు రాయండి.

9. తర్వాత

నెలకొక అరగంట మాట్లాడుకోండి. సమయం ఒకసారి వాళ్లకు, ఒకసారి మీకు అనుకూలంగా. ఎప్పుడూ మీరే అర్ధరాత్రి మేలుకుంటుంటే ఆ పొత్తులో ఏదో వంకర ఉన్నట్టు. రెండేళ్లలో విద్యార్థి గానీ, పత్రం గానీ, కనీసం ఒక తెగని వాదన గానీ పుట్టకపోతే పొడిగించకండి, మర్యాదగా ఒక ఉత్తరం రాసి ముగించండి.

అన్నిటికన్నా తరచుగా పొత్తును చంపేది మనుషుల మార్పు. ఒకాయన పదవీ విరమణ చేస్తారు, ఒకామె వేరే దేశం వెళ్తారు. అందుకే రెండు వైపులా రెండో మనిషి మొదటి నుంచీ ఉండాలి. నమూనాల రిజిస్టరు, పాస్‌వర్డులు, కంపెనీ ఫోను నంబర్లు ఆ ఇద్దరికీ తెలిసి ఉండాలి. నాకు తెలిసిన ఒక ప్రయోగశాలలో ప్రొఫెసరు వెళ్లిపోయిన వేసవిలో, లోపల ఏముందో తెలియని ఒకరు కరెంటు ఆదా అవుతుందని ఫ్రీజర్ ప్లగ్గు తీసేశారు. అందులో మూడు గనుల సల్ఫైడ్ నమూనాలు, రెండు దేశాల వాళ్లు నాలుగేళ్లు తిరిగి తెచ్చినవి, ఉన్నాయి. ఇప్పుడు మా ఫ్రీజర్ తలుపు మీద రెండు భాషల్లో ఒక కాగితం అంటించి ఉంటుంది, కింద ఇద్దరి ఫోను నంబర్లతో.